చర్చ: నలభైకి దగ్గరపడ్డవాళ్లకు అమీర్‌పేట కోచింగ్ చాలదా? కమ్యూనిటీ కాలేజీలు కావాలా?

బాలానగర్_టర్నర్:
లేత్ మీద చానా ఏండ్ల నుంచి పనిచేస్తున్న. మా షాపుల పాత మిషన్లు తీసేసి కంప్యూటర్ ప్రోగ్రాంతోటి నడిచే సీఎన్‌సీలు దించుతున్నరు. డ్రాయింగ్ చూసి కొలతలు పట్టుడు నాకు వస్తది, ప్రోగ్రాం రాసుడు రాదు. ఐటీఐల పెద్దవయసోళ్లు కూడా చేరొచ్చంట, కానీ పొద్దంతా క్లాసుల కూసుంటే ఇల్లెట్ల గడుస్తది? అమెరికాల పని చేసుకుంటనే సాయంత్రం కమ్యూనిటీ కాలేజీకి పోతరంట. మనకు అసొంటివి పెట్టాల్నా, వద్దా?

మైత్రీవనం_బ్యాచ్:
అక్కర్లేదన్నా, మనకు అమీర్‌పేట ఉంది. పొద్దున ఏడింటికో బ్యాచ్, రాత్రి ఎనిమిదింటికో బ్యాచ్. డెమో క్లాసు నచ్చకపోతే లేచి పక్క బిల్డింగ్ మెట్లెక్కుతాం. నోట్సు కింద జిరాక్స్ షాపులో దొరుకుతుంది. వయసు అడగరు, మెమో అడగరు. మార్కెట్లోకి కొత్త టూల్ రావడమే ఆలస్యం, బోర్డు మారిపోతుంది. సర్కారు కాలేజీలో సిలబస్ మారేలోపు ఆ టూలే మూలపడుతుంది.

టెక్సస్_నుంచి_తిరిగొచ్చా:
సాఫ్ట్‌వేర్ వరకు నీ మాట సరే తమ్ముడూ. మరి మూడో అంతస్తు గదిలో ఈ అన్న కోసం సీఎన్‌సీ మెషీన్ ఎవరు దించుతారు?

నేను అక్కడి కమ్యూనిటీ కాలేజీలో అకౌంటింగ్ చదివాను. పిల్లల్ని నిద్రపుచ్చి వచ్చే తల్లులూ, గోదాములో షిఫ్టు దిగి యూనిఫాంతోనే వచ్చేవాళ్లూ నా పక్క సీట్లలో ఉండేవారు. 1901లో అమెరికాలోని జోలియెట్ ఊళ్లో మొదలైన పద్ధతి ఇది. రెండేళ్లు చదివితే అసోసియేట్ డిగ్రీ, ఆపైన ఆ క్రెడిట్లతో యూనివర్సిటీలో చేరొచ్చు. అన్ని క్రెడిట్లనూ ఒప్పుకోరు, ముందే కనుక్కోవాలి. మధ్యలో మానేసేవాళ్లూ బోలెడుమంది, అది దాచను. కానీ అమీర్‌పేటలో నేర్చుకున్నదాన్ని ఏ యూనివర్సిటీ లెక్కలో వేసుకుంటుంది?

రిటైర్డ్_లెక్చరర్:
అమ్మా, ఇది మన దేశానికి కొత్త కాదు. పుదుచ్చేరిలో 1995లోనే కమ్యూనిటీ కాలేజీ పెట్టారు. తర్వాత యూజీసీ కూడా పథకం తెచ్చి, ఉన్న కాలేజీలకే ఆ పని అప్పగించింది. పేరు పెట్టినంత మాత్రాన పని జరగదు.

మన ఊళ్లో ముక్కలన్నీ ఉన్నాయి. ఉద్యోగస్తుల డిగ్రీకి 1982లో పుట్టిన మన ఓపెన్ యూనివర్సిటీ, ఇప్పుడు అంబేద్కర్ గారి పేరుతో ఉంది. మెషీన్ల పనికి బాలానగర్‌లోనే 1968 నుంచి కేంద్ర ప్రభుత్వ టూల్ డిజైన్ సంస్థ సీఐటీడీ. చిన్న కోర్సులకు సర్కారు శిక్షణ సంస్థ సెట్విన్. ఒకదాని గడప దాటి ఇంకోదాంట్లోకి వెళ్లే దారే సరిగా లేదు. టర్నర్ గారి చేతిపనికి పరీక్ష పెట్టి, దాన్నే డిప్లొమాలో కొంత భాగంగా జమకట్టాలి. కొత్త భవనాలొద్దు, ఐటీఐ షెడ్లు రాత్రిపూట తెరిస్తే చాలంటాను.

మైత్రీవనం_బ్యాచ్:
తెరవమనడం తేలికే సార్. రాత్రి పాఠం చెప్పేవాడికి జీతం ఎవరిస్తారు?

చర్లపల్లి_వర్క్‌షాప్:
నేనిస్తాను, నా వాటా వరకు. వర్కర్‌ని తీసుకునేటప్పుడు సర్టిఫికెట్ చూడను, డ్రాయింగ్ చేతికిచ్చి ఆ కొలతలతో జాబ్ (పీస్) తీయమంటాను. తీసేవాళ్లే దొరకట్లేదు. అయితే సిలబస్‌లో మా మాట కూడా ఉండాలి. మేం పక్కన పడేసిన కంట్రోలర్ మీద నేర్పించి పంపితే పైసా ఇవ్వను.

బాలానగర్_టర్నర్:
లెక్చరర్ సాబ్, రాత్రి షెడ్డు తెరిస్తే మా షాపు నుంచే నలుగురం వస్తం, ఫీజు కడతం. అది అయ్యేదాంక, ఆదివారం ఎవరన్న నేర్పుతరా? బుక్కు పట్టుకొని ప్రోగ్రాం నేర్చుకుంటున్న గాని జీ71 అనే కోడ్ కాడ ఆగిపోయిన.