చిన్న కారు గుద్దితే దెబ్బ కూడా చిన్నదేనా?

ప్రశ్న:
గత నెల తెల్లవారుజామున మా నాన్నగారు ఇసుకతోట దగ్గర జాతీయ రహదారి దాటుతుండగా ఒక చిన్న కారు గుద్దింది. ఎడమ మోకాలి కింద ఎముక విరిగింది. తల తగిలి కారు ముందు అద్దం సాలెగూడులా పగిలింది. "చిన్న బండి కాబట్టి గండం గడిచింది" అని చూడడానికి వచ్చిన ప్రతివారూ అంటున్నారు. పాదచారికి ప్రమాదం నిజంగా కారు బరువును బట్టే ఉంటుందా? మేము కూడా కారు కొనే ఆలోచనలో ఉన్నాము కనుక తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు 1:
మీ నాన్నగారు త్వరగా కోలుకోవాలండి. 60 కిలోల మనిషిని 800 కిలోల కారు గుద్ది, ఇద్దరూ కలిసి ముందుకు కదిలారనుకుంటే, మనిషికి ఒక్కసారిగా వచ్చే వేగం కారు వేగంలో సుమారు 93 శాతం. కారు 1600 కిలోలదైతే అది 96 శాతం. బరువు రెట్టింపైనా తేడా అంతే. రెండు కార్లు ఢీకొన్నప్పుడు బరువు లెక్కలోకి వస్తుంది గానీ, మనిషి విషయంలో అంతగా రాదు.

బంపర్ మొదట మోకాలి దగ్గర తగిలి కాళ్లను తప్పించేస్తుంది, మనిషి బానెట్ మీదికి ఒరుగుతాడు, ఆఖరున తల తగులుతుంది. చిన్న కార్ల బానెట్ పొట్టిది కనుక పెద్దవారి తల తరచుగా ముందు అద్దం దాకా వెళుతుంది. అద్దం నడిమి భాగం పగులుతూ దెబ్బను కొంత తనలోకి తీసుకుంటుంది, కానీ దాని కింది అంచూ, ఇరుపక్కల నిలువు ఇనుప స్తంభాలూ అలా లొంగవు. మీ నాన్నగారి తల ఆ స్తంభానికి తగలకపోవడమే అదృష్టమని నా అభిప్రాయం.

జవాబు 2:
పై వివరణ సరైనదే, అయితే మీ బంధువుల మాటను పూర్తిగా కొట్టిపారేయలేము. ఎత్తైన ముక్కు ఉన్న బండి మోకాలిని కాక తుంటినీ ఛాతీనీ గుద్ది, మనిషిని ముందుకు పడదోస్తుంది. బానెట్ ఎత్తు 40 అంగుళాలు మించిన వాహనాలు గుద్దినప్పుడు, 30 అంగుళాల లోపు ఎత్తుండి వాలుగా ఉన్నవాటికంటే పాదచారి మరణించే అవకాశం సుమారు 45 శాతం ఎక్కువని అమెరికాలోని హైవే భద్రతా బీమా సంస్థ 2023లో తేల్చింది. చిన్నపిల్లల ఎత్తుకు మాత్రం చిన్న కారు ముక్కు కూడా ఎత్తైనదే.

కొనబోయే కారు కంటే దాన్ని నడిపే వేగం గురించి ఎక్కువ ఆలోచించండి. పొడి రోడ్డు మీద, డ్రైవరు తేరుకోవడానికి ఒక సెకను పడుతుందనుకుంటే, గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు సుమారు 13 మీటర్లలో ఆగిపోతుంది. 50తో వచ్చే కారు ఆ ఒక్క సెకనులోనే దాదాపు 14 మీటర్లు దూసుకువస్తుంది, అంటే మొదటి కారు ఆగిన చోట రెండో కారుకు బ్రేకే పడి ఉండదు. పైగా దాని తాకిడి శక్తి 30తో పోలిస్తే దాదాపు 2.8 రెట్లు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలండి. ఆ కారు నడిపిన అబ్బాయి "యాభైలోనే వస్తున్నానండి" అన్నప్పుడు అది నెమ్మదే కదా అనుకున్నాము. మీ లెక్క చదివాక ఆ రోజు తీసిన ఫొటో మళ్లీ చూశాను. రోడ్డు మీద టైరు గీత, నాన్నగారి చెప్పు పడి ఉన్న చోటు దాటిన తరువాతే మొదలైంది.