అప్‌డేట్: ‘ట్రెజర్ ఐలాండ్’ సిల్వర్ పాత్ర విశ్లేషణ, దారి దొరికింది

మా అమ్మాయి ‘ట్రెజర్ ఐలాండ్’ నవలలోని సముద్రపు దొంగ లాంగ్ జాన్ సిల్వర్ పాత్రను విశ్లేషించమన్న ప్రశ్నకు ‘చెడ్డవాడు, దురాశపరుడు’ అని రెండు ముక్కలు రాసి ఆగిపోతోందని ఇదివరకు అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

పనిచేసిన సలహా: విశేషణాలు పక్కనపెట్టి అతణ్ణి మూడు ఘట్టాల్లో చూడమన్నది. మొదట, కథ చెప్పే కుర్రాడు జిమ్‌కు అతను శుభ్రంగా, కలుపుగోలుగా కనిపిస్తాడు. తర్వాత దీవిలో, తమతో చేరనన్న నావికుణ్ణి అతను చంపడం జిమ్ చాటునుంచి చూస్తాడు. ఆపైన తోటి దొంగలు జిమ్ మీదికొస్తే అడ్డుపడేదీ అతనే. ‘అభిమానంతోనా, తన ప్రాణం దక్కించుకోవడానికా?’ అని అడిగాను. ‘రెండూ’ అంది, ఆధారాల కోసం తనే మళ్లీ పుస్తకం తీసింది. ఎంత సంతోషమేసిందో! థీమ్ కూడా అందులోంచే వచ్చింది: మనకు నచ్చిన మనిషిని ఎంతవరకు నమ్మొచ్చు?

అసలు చిక్కు ఎక్కడుందో టీచర్ కనిపెట్టారు. మా దగ్గరున్నది సంక్షిప్త ప్రతి, అందులో ఆ హత్యే లేదు. పూర్తి పుస్తకం తెచ్చాకే పని సాగింది. రచయిత జీవితం, పుస్తకం వచ్చిన 1883 నాటి నేపథ్యం గురించి నేను పడ్డ టెన్షన్ ఈ ప్రశ్నకు అవసరమే లేదు.

చివర్లో సిల్వర్ ఒక సంచి నాణేలతో పారిపోతాడు కదా, అతనికి శిక్ష ఎందుకు పడలేదన్నది ఇప్పుడు రాస్తోంది.