ఎక్సోసోముల పైపొరలోని గ్లైకోలిపిడ్లు ఏం చేస్తాయి?

ప్రశ్న (కావలి, ఎమ్మెస్సీ విద్యార్థిని):
కణాలు బయటికి వదిలే 30 నుంచి 150 నానోమీటర్ల సూక్ష్మ తిత్తులైన ఎక్సోసోములలో ప్రొటీన్లు, ఆర్‌ఎన్‌ఏలు ఉంటాయని చదివాను. మరి పైపొరలోని గ్లైకోలిపిడ్లకు ప్రత్యేకమైన పని ఉందా? తెలిసిన పెద్దలు దయచేసి వివరించగలరు.

జవాబు (ఒంగోలు, అధ్యాపకుడు):
తప్పకుండా ఉందమ్మా. గ్లైకోలిపిడ్లంటే చక్కెర గొలుసు అతికిన కొవ్వులు. వీటి కొవ్వు భాగం పొరలో దిగి ఉంటుంది, చక్కెర గొలుసు బయటికి చాచుకొని ఉంటుంది. నాడీకణాల ఎక్సోసోముల మీద జీఎం1 వంటి గాంగ్లియోసైడ్లు (ఒక రకం గ్లైకోలిపిడ్లు) ఉంటాయి. అల్జీమర్స్‌లో పేరుకునే అమైలాయిడ్ బీటా అనే ప్రొటీన్ ముక్క ఈ చక్కెర గొలుసులకు అతుక్కుంటుందనీ, ఆ గొలుసులను ఎంజైముతో కోసివేస్తే ఆ పట్టు సడలిపోతుందనీ, అతుక్కున్న సరుకుతో సహా ఎక్సోసోములను మెదడులోని రక్షక కణాలైన మైక్రోగ్లియా మింగి అరిగించుకుంటాయనీ జపాన్‌లోని హొక్కైడో విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపారు. ఎలుక మెదడులోకి ఎక్సోసోములను ఎక్కించినప్పుడు అమైలాయిడ్ తగ్గిందని 2014లో ప్రచురించారు. ఈ విషయంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఈ పనే.

జవాబు (నెల్లూరు, ల్యాబ్ ఉద్యోగిని):
అధ్యాపకుల వారి మాటకు ఒక చేర్పు. కలరా విషంలోని బి ఉపభాగం జీఎం1ను గట్టిగా పట్టుకుంటుంది కనుక, దానికి మెరిసే రంగు జోడించి ఈ ఎక్సోసోములను గుర్తిస్తారు. అయితే కణపు పైపొరలోనూ జీఎం1 ఉంటుంది కాబట్టి, ఆ మెరుపు ఒక్కటే చూసి ఎక్సోసోమ్ అని రాయకండి. ఎక్సోసోములకు గుర్తుగా చూసే సీడీ63 వంటి ప్రొటీన్లను కూడా పరీక్షించాలి.