అప్‌డేట్: సకలేశపురం దగ్గర హోమ్‌స్టే కుదిరింది

అక్టోబరులో అమ్మానాన్నలతో బెంగళూరు నుంచి కొండల వైపు వెళ్లాలి, రిసార్టా హోమ్‌స్టేనా అని అడిగాను కదా. సుమారు 220 కిలోమీటర్ల దూరంలో, కర్ణాటక కొండల్లోని సకలేశపురం దగ్గర, కాఫీ తోటలో ఉన్న పెంకుటిల్లు తీసుకున్నాం. దసరా రద్దీ అని కూర్గ్‌లోని మడికేరి వద్దనుకున్నాం.

నాన్నకి మోకాళ్ల నొప్పులు. కింది అంతస్తులో గది, వెస్టర్న్ టాయిలెట్ ఉన్నాయేమో ముందే ఫోన్ చేసి కనుక్కోమని మీలో కొందరు అన్నారు చూడండి, ఆ సలహా బంగారం! ఇంటావిడ బాత్రూమ్ వీడియో కూడా పంపారు. వేడినీళ్లు కట్టెల బాయిలర్‌లోంచి, పొగ వాసనతో. సాయంత్రం వాన మొదలైతే అమ్మ వరండా వదల్లేదు. వేడి కడుబు (ఆవిరి మీద ఉడికించే బియ్యపు ఉండలు), కొబ్బరి చట్నీ అక్కడికే వచ్చాయి. కాఫీ కాయలింకా పచ్చివే.

వెళ్లేవాళ్లు ఇన్వర్టర్ ఉందో లేదో అడగండి. వాన పడితే కరెంటు పోతుంది. జలగలున్నాయి, ఉప్పు దగ్గరుంచుకోండి. సలహాలిచ్చిన అందరికీ పేరుపేరునా థ్యాంక్స్.