చలిని తట్టుకునే పెద్ద నాగజెముడు: ఏ రకం వేయాలి, ఏ నేలలో వేయాలి?

పెరటివాకిలి (ఫ్రిస్కో, టెక్సస్)

అందరికీ నమస్కారం. మా పెరట్లో దక్షిణపు గోడ వెంట మనిషి ఎత్తుకు పెరిగే నాగజెముడు పొదను పెంచాలని అనుకుంటున్నాను. 2021 ఫిబ్రవరిలో డాలస్ విమానాశ్రయం దగ్గర ఉష్ణోగ్రత మైనస్ 19 డిగ్రీల సెల్సియస్‌కు పడిపోయినప్పుడు, మా వీధిలో పెద్ద పెద్ద మట్టలతో తలెత్తుకొని ఉన్న ముళ్ళు లేని జెముడు పొదలు రెండు రోజుల్లో ఉడికిన వంకాయల్లా మెత్తబడి కూలిపోయాయి. అదే వీధిలో ముళ్ళున్న మరొక పొద మాత్రం పైమట్టలు కొన్ని పోగొట్టుకున్నా, వేసవి రాకముందే కొత్త చిగుళ్ళు వేసింది. నర్సరీలో అడిగితే రెండింటికీ ఒకే పేరు చెబుతున్నారు. ఎత్తుగా పెరిగి, అటువంటి చలిని కూడా తట్టుకునే రకం ఏదైనా ఉన్నదా? పెంచిన అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

కొండవాలు (డెన్వర్, కొలరాడో)

కూలిపోయినవి బహుశా ఒపన్షియా (నాగజెముడు జాతి శాస్త్రీయ నామం) ఫైకస్ ఇండికా అయి ఉంటాయి. మెక్సికన్ అంగళ్ళలో కూరకు అమ్మే మట్టలు, పెద్ద పండ్లు ఎక్కువగా ఈ రకానివే. ఇది చెట్టంత పెరుగుతుంది, కానీ మైనస్ 6, మైనస్ 8 డిగ్రీల దగ్గరే దెబ్బతినడం మొదలవుతుంది. బతికిన పొద టెక్సస్‌కు స్థానికమైన ఎంగెల్మానీ రకమై ఉండవచ్చు. అది అనుకూలమైన చోట మనిషి ఎత్తును మించి, అంతకంటే ఎక్కువ వెడల్పున విస్తరిస్తుంది. మైనస్ 12 డిగ్రీల దాకా దానికి పెద్దగా ఇబ్బంది ఉండదు. ఆపైన చలి ఎన్ని గంటలు నిలిచింది, మొక్క ఎంత తడిగా ఉంది అన్న వాటిని బట్టి కొన్ని మట్టలు పోవచ్చు.

మీరు ముందుగా ఒక సంగతికి సిద్ధపడాలి. ఈ జాతిలో ఎత్తుకూ చలిని ఓర్చుకునే శక్తికీ సాధారణంగా పొత్తు కుదరదు. అందరికంటే ఉత్తరాన, కెనడాలోని బ్రిటిష్ కొలంబియా, ఆల్బర్టా రాష్ట్రాలలో పెరిగే ఫ్రాజిలిస్ రకం నేలను అంటిపెట్టుకొని అరచేతి ఎత్తులోనే ఉండిపోతుంది. మా దగ్గర బాగా పెరిగే ఫియకాంథా రకం మైనస్ 20 డిగ్రీలను ఓర్చుకుంటుంది కానీ, నడుము ఎత్తు దాటకుండా పక్కలకు పాకుతుంది. ఈ రెండు కొసల నడుమ నిలబడేది ఎంగెల్మానీ ఒక్కటే అని నా అభిప్రాయం. ముళ్ళు వద్దనుకుంటే ఎల్లిసియానా ఉంది. ఛాతీ ఎత్తు వరకు వస్తుంది, చలికి గట్టిది, కాకపోతే చాలా నెమ్మదిగా పెరుగుతుంది.

ఇక ఈ మొక్కలు చలిని ఎలా ఓర్చుకుంటాయో తెలిస్తే సగం జాగ్రత్తలు వాటంతట అవే అర్థమవుతాయి. శరదృతువులో రాత్రులు చల్లబడుతున్న కొద్దీ మట్టలు తమలోని నీటిని క్రమంగా వదిలించుకుంటాయి. మిగిలిన రసంలో చక్కెరలు పెరిగి, రసం చిక్కబడుతుంది. గడ్డకట్టే చలి వచ్చినప్పుడు మొక్క కణాల లోపల కాకుండా కణాల మధ్య ఉన్న జిగురులో మంచు ఏర్పడుతుంది కాబట్టి కణాలు పగలవు. అందుకే డిసెంబరు నాటికి మట్టలు ముడతలు పడి, వంగి, కొన్ని రకాలలో ఊదా రంగుకు తిరిగి, చచ్చిపోతున్నట్టు కనిపిస్తాయి. దానిని చూసి జాలిపడి నీళ్ళు పోస్తే, మొక్క కష్టపడి వదిలించుకున్న నీటిని మనమే మళ్ళీ నింపినట్లు అవుతుంది. ఆగస్టు చివరి నుంచి నీరు తగ్గించి, సెప్టెంబరు దాటాక పూర్తిగా ఆపివేయడం, వేసవి మధ్య తరువాత నత్రజని ఎరువు వేయకపోవడం అన్నిటికంటే ముఖ్యం.

నల్లరేగడి బిడ్డ (మెకిన్నీ, టెక్సస్)

పైన చెప్పిన విషయాలతో ఏకీభవిస్తూ, నేల గురించి కొంత వివరంగా చెబుతాను, ఎందుకంటే మన ప్రాంతంలో అసలు చిక్కు అక్కడే ఉంది. డాలస్ చుట్టుపక్కల ఉన్న నల్లని బంకమట్టి మన గుంటూరు, కర్నూలు, ఆదిలాబాద్ ప్రాంతాల నల్లరేగడి కోవకు చెందినదే. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే చెయ్యి పట్టేంత నెర్రెలు విచ్చుతుంది. చాలామంది ఈ మట్టిలో లోతైన గొయ్యి తవ్వి, దానిని కంకరతో, ఇసుకతో నింపి మొక్క నాటుతారు. చుట్టూ ఉన్న బంకమట్టి నీటిని త్వరగా పీల్చదు కాబట్టి, వాన పడినప్పుడల్లా నీరంతా ఆ గోతిలోకి చేరి, వేరు దగ్గర నిలిచిపోతుంది. గొయ్యి తవ్వకండి. నేలపైనే మోకాలి ఎత్తు దిబ్బ పోయండి. మూడింట రెండు వంతులు గ్రానైట్ పొడి లేదా ఇక్కడ దొరికే కాల్చి ఉబ్బించిన షేల్ (పొరల రాయి) గులకలు, ఒక వంతు మామూలు మట్టి సరిపోతాయి. పశువుల ఎరువు, కంపోస్టు వేయవలసిన పని లేదు. దిబ్బ పైన చెక్కపొట్టు పరచకండి, అది మొక్క మొదట్లో తేమను పట్టి ఉంచుతుంది. దానికి బదులు గులకరాళ్ళు పరచవచ్చు.

మొక్కను కొనవలసిన అవసరం కూడా లేదు. మీ వీధిలో బతికి బయటపడిన పొద యజమానిని అడిగి రెండు మూడు మట్టలు తీసుకోండి. మైనస్ 19ని చూసి నిలబడిన పొద కంటే నమ్మకమైన విత్తనం మీకు ఏ నర్సరీలోనూ దొరకదు. మట్టను కణుపు దగ్గర కోసి, కోసిన చోట పొక్కు గట్టిపడే దాకా ఒకటి రెండు వారాలు నీడలో ఆరనివ్వాలి. తరువాత ఏప్రిల్ లేదా మే నెలలో మట్టలో మూడో వంతు మట్టిలోకి వెళ్ళేటట్లు నిలబెట్టి నాటాలి. వేరు పట్టే వరకు నీళ్ళు దాదాపు అక్కరలేదు. శరదృతువులో నాటితే వేరు కుదురుకోకముందే చలికాలం వచ్చి పడుతుంది.

తీరపు ఇసుక (న్యూజెర్సీ)

కొండవాలు గారి సలహా డెన్వర్‌కు అతికినట్లు సరిపోతుంది, ఎందుకంటే అక్కడి చలికాలం పొడిగా ఉంటుంది. మా వైపు అలా కాదు. చలికాలమంతా వాన, కరిగిన మంచు, మళ్ళీ వాన. మనం గొట్టం కట్టేసినంత మాత్రాన మొక్కకు నీరు ఆగదు. మా ఇసుక తీరాలలో హ్యుమిఫ్యూసా రకం స్థానికంగానే పెరుగుతుంది, దానికి ఈ తడి అలవాటే, కానీ అది చీలమండ ఎత్తు మొక్క. పెద్ద రకాలను ఇక్కడ పెంచదలచిన వారు ఉష్ణోగ్రత పట్టికలు చూసి మోసపోకూడదు. పొడి నేలలో మైనస్ 18 డిగ్రీలను ఓర్చుకునే మొక్క, తడి నేలలో అంతకంటే చాలా ముందే మొదలు కుళ్ళి ఒరిగిపోతుంది. మా ఇంటి దగ్గర ఎంగెల్మానీ బతికినది చూరు కింద, వాన నేరుగా పడని చోట మాత్రమే.

మబ్బుల ఊరు (లెస్టర్, ఇంగ్లండ్)

మాకు చలి తక్కువ, తడి ఎక్కువ. అక్టోబరు నుంచి మార్చి వరకు నాలుగు కర్రలు పాతి, పైన వాలుగా పారదర్శకమైన ప్లాస్టిక్ రేకు కప్పి, నాలుగు పక్కలూ గాలికి తెరిచి ఉంచుతాము. మొక్కకు గుడ్డలు చుట్టడం కంటే ఇది ఎంతో మేలు. చుట్టిన గుడ్డ లోపల తేమ నిలిచి బూజు పడుతుంది. తుదకు మా మొక్క ఫ్రిస్కో గారు కోరుకునే ఎత్తుకు ఎప్పటికీ రాదు, ఆ వేడి మాకు లేదు.

పెరటివాకిలి (ఫ్రిస్కో, టెక్సస్)

ఎంతో ఉపయోగకరంగా ఉన్నది, అందరికీ కృతజ్ఞతలు. నేను వెళ్ళి బతికిన పొదను దగ్గరగా చూసి వచ్చాను. మట్టల మీద, ముఖ్యంగా ముళ్ళ కుదుళ్ళ దగ్గర, దూది అతికించినట్లు తెల్లని మచ్చలు ఉన్నాయి. పుల్లతో గీరితే ముదురు ఎరుపు రసం వచ్చింది. ఇది తెగులా? ఆ మట్టలను తెచ్చుకోవచ్చునా? మరొక సందేహం, మా కాలనీ సంఘం వారు ముళ్ళ మొక్కలకు ఒప్పుకుంటారా?

అనంత పెరడు (అనంతపురం)

నేను ఇక్కడ చలికి జెముడు పెంచే వాడిని కాను, కానీ మీరు చూసిన పురుగుకూ మన నేలకూ పాత చుట్టరికం ఉంది కాబట్టి చెబుతున్నాను. అది కాచినీల్ పురుగు. ఆ దూది దాని కప్పు, ఆ ఎరుపే కార్మైన్ రంగు. అమెరికా ఖండం నుంచి వచ్చి దక్షిణ భారతమంతా అల్లుకుపోయిన నాగజెముడును అణచడానికి 1926లో సింహళం నుంచి ఇదే జాతి పురుగులలో ఒక దానిని తెచ్చి వదిలారు. ఎకరాలకెకరాలు కమ్మిన పొదలు దానితో ఎండిపోయాయి. అందువల్ల దీనిని తేలికగా తీసుకోవద్దు. అయితే ఒకటి రెండు పొదల మీద ఉన్నప్పుడు అదుపు కష్టం కాదు. గొట్టంతో జోరుగా నీరు కొట్టి దూదిని కడిగివేసి, తరువాత సబ్బు నీళ్ళను కుదుళ్ళ దగ్గర పిచికారీ చేయాలి. వీలైనంత శుభ్రమైన మట్టలను ఎంచుకొని, ఆరబెట్టే రోజులలోనే కడిగి పరిశీలించి నాటండి.

నల్లరేగడి బిడ్డ (మెకిన్నీ, టెక్సస్)

కాలనీ సంఘం గురించి: నీటిని పొదుపు చేసే తోటలను సంఘాలు పూర్తిగా నిషేధించకూడదని టెక్సస్‌లో 2013లో చట్టం వచ్చింది. కానీ నమూనా చూపించి ముందుగా అనుమతి తీసుకోమని వారు అడగవచ్చు. పైగా 1995 నుంచి నాగజెముడు ఈ రాష్ట్రపు అధికారిక మొక్క అన్న సంగతి దరఖాస్తులో రాయండి, నష్టం లేదు. కాలిబాటకు మాత్రం రెండు మీటర్ల దూరం ఉంచండి.

పెద్ద ముళ్ళ కంటే వాటి కుదుళ్ళలో ఉండే నూగు ముళ్ళు ప్రమాదకరం. తోలు చేతి తొడుగులోకి కూడా అవి దిగిపోయి, ఆ తొడుగును మరి వాడనివ్వవు. మట్టలను పొడవైన పటకారుతో గానీ మడిచిన వార్తాపత్రికతో గానీ పట్టుకోండి. చర్మంలో గుచ్చుకుంటే కనిపించినవి చిన్న పటకారుతో లాగి, మిగిలిన వాటి మీద తెల్ల జిగురు పూసి, పలుచని గుడ్డ అద్ది, ఆరిన తరువాత ఊడదీయాలి. కత్తిరించిన మట్టలను కంపోస్టు కుప్పలో వేయకండి, అక్కడే వేరు పోసుకుంటాయి.

పెరటివాకిలి (ఫ్రిస్కో, టెక్సస్)

మెకిన్నీ గారు చెప్పినట్లే వీధి పొద నుంచి మట్టలు అడిగాను, ఇస్తామన్నారు. గోడ వెంట ఎంగెల్మానీ, పిల్లలు ఆడుకునే వైపు ఎల్లిసియానా వేస్తాను. గ్రానైట్ పొడి ఈ వారాంతం వస్తుంది. న్యూజెర్సీ గారు, మీ చూరు మాట విన్నాక మా గోడను మళ్ళీ చూశాను. దాని మీది నీటి తూము సరిగ్గా నేను దిబ్బ పోయాలనుకున్న చోటే దిగుతున్నది. తూమును మళ్ళించడమా, దిబ్బను జరపడమా అన్నది తేల్చుకోవాలి.

తీరపు ఇసుక (న్యూజెర్సీ)

దిబ్బను జరపండి. తూము మళ్ళించినా ఆకులు అడ్డుపడిన రోజున నీరు గోడ మీదుగానే దిగుతుంది.