గూటి పెట్టెలు పెడితే నగరంలోకి పిచ్చుకలు తిరిగొస్తాయా?

పెరటిచిక్కుడు: మార్చి 20, ప్రపంచ పిచ్చుకల దినం రాగానే అపార్ట్‌మెంట్లలో గూటి పెట్టెలు పంచేస్తున్నారు. ఆ డబ్బు ముందు మొక్కల మీద పెట్టాలంటాను. పెద్ద పిచ్చుక గింజలు తిని బతుకుతుంది, కానీ గుడ్డులోంచి వచ్చిన పిల్లకి మొదటి రోజుల్లో పురుగులే కావాలి: పేనుబంక, చిన్న గొంగళిపురుగులు, సాలీళ్లు. లాన్‌కి నెలనెలా మందు కొట్టించే చోట పెట్టె పెడితే, పిల్లలు అందులోనే ఆకలితో చస్తాయి. 2020లో వచ్చిన భారత పక్షుల స్థితి నివేదిక కూడా దేశం మొత్తమ్మీద పిచ్చుకలు దాదాపు నిలకడగానే ఉన్నాయనీ, హైదరాబాద్ సహా ఆరు మహానగరాల్లో తగ్గుతున్నాయనీ చెప్పింది.

చూరుకింద: పురుగుల మాట నిజమే. కానీ గుడ్డు పెట్టడానికి సందే లేకపోతే పిల్ల ఎక్కడిదండీ? పెంకుటింటి చూరు పోయింది, వెంటిలేటర్ పోయింది, గోడలన్నీ నున్నగా అద్దాలయ్యాయి. పెట్టెలు ఖాళీగా ఉండేది తయారీ తప్పుల వల్లే. రంధ్రం 32 మి.మీ. ఉండాలి. 40 దాటితే గోరింకలు దూరతాయి. రంధ్రం కింద పుల్ల బిగించకండి, పిచ్చుకకి అక్కర్లేదు, కాకికి మాత్రం నిలబడే చోటు దొరుకుతుంది. రేకు, ప్లాస్టిక్ వద్దు, మే నెల ఎండకి పొయ్యిలా కాలుతాయి. 15 మి.మీ. మందం చెక్క, అడుగు 15×15 సెం.మీ., అడుగున నీరు కారడానికి నాలుగు చిల్లులు. ఎనిమిది పదడుగుల ఎత్తున, మధ్యాహ్నపు ఎండ తగలని గోడకి బిగించాలి.

నూకలచేట: సెల్ టవర్లు తీయకుండా ఇవన్నీ ఎందుకు? బాల్కనీలో రోజూ గింజలు చల్లితే చాలదా?

పెరటిచిక్కుడు: టవర్ల వల్లే తగ్గాయనడానికి గట్టి రుజువు లేదండి. గింజలు చల్లితే ముందు వాలేవి పావురాలు, వాటి వెనక పిచ్చుకకి చోటుండదు. వరికంకుల కుచ్చు వేలాడదీయండి: బరువైన పావురం దానికి వేలాడలేదు, పిచ్చుక పట్టుకుని తినేస్తుంది. మన ఊళ్లలో గుమ్మానికి కట్టేది అందుకే పనికొస్తుంది. పక్కన రెండు అంగుళాలు మించని లోతు మూకుడులో నీళ్లు, ఒక మూల పొడి మట్టి. గోరింట కంచె, మునగ, చిక్కుడు పందిరి వేసి మందు కొట్టడం ఆపితే పురుగులు వాటంతటవే వస్తాయి.

చూరుకింద: అయితే ఒక షరతుకి ఒప్పుకుంటాను. పిచ్చుక పుట్టిన చోటు వదిలి దూరం పోదు. చుట్టూ కిలోమీటరులో, కిరాణా కొట్ల దగ్గరో రైతు బజారులోనో, ఒక్కటీ కనపడకపోతే పెట్టెలు ఆపి మొక్కలు వేయండి. కనపడితే మాత్రం ఈ ఏడే పెట్టండి, ఒకటి కాదు, మూడు నాలుగు, మూడేసి అడుగుల దూరంలో. ఇవి గుంపుగా గూళ్లు పెట్టే పక్షులు.

నూకలచేట: వరండాలో ఫ్యాన్ ఉంటే?

చూరుకింద: అక్కడ పెట్టొద్దు. రెక్క తగిలి చచ్చిపోతాయి. పిల్లలు ఎగిరిపోయాక పాత గడ్డి తీసేసి, వేడినీళ్లు పోసి, ఎండబెట్టి మళ్లీ తగిలించండి, లేకపోతే తర్వాతి పిల్లలకి పేలు పడతాయి. తీసేముందు గుడ్లున్నాయేమో చూసుకోండి. ఒకే గూటిలో ఏడాదికి రెండు మూడుసార్లు పెడతాయి.