టీపాట్ లేని 21 పీసుల టీ సెట్టు పూర్తి సెట్టేనా?

పింగాణీప్రియ, హైదరాబాద్
పాతబస్తీలో పాత సామాన్లు అమ్మే ఒకాయన దగ్గర ఒక టీ సెట్టు చూశాను. ఆరు కప్పులు, ఆరు సాసర్లు, ఆరు చిన్న పళ్ళేలు, కేకు పెట్టే పెద్ద పళ్ళెం ఒకటి, పాల జగ్గు, చక్కెర గిన్నె. అంచులు పూరేకుల్లా వంపులు తిరిగి ఉన్నాయి. నీలి పూలు. అడుగున పచ్చరంగు డాలు ముద్రలో ‘షెల్లీ’ అనీ, దానితోపాటు ‘ఫైన్ బోన్ చైనా, ఇంగ్లండ్’ అనీ ఉంది. టీపాట్ మాత్రం లేదు. ఆయనేమో ‘ఇది పూర్తి సెట్టు, విక్టోరియా రాణి కాలం నాటిది’ అంటున్నాడు. సగం ధర ఇస్తానంటే నవ్వి ఊరుకున్నాడు. టీపాట్ లేకుండా టీ సెట్టు పూర్తి ఎలా అవుతుంది? నా బేరం అన్యాయమా?

కోనసీమ కప్పు
సగం కూడా ఎక్కువే. పెళ్ళికొడుకు లేకుండా పెళ్ళి చేసినట్టుంది. టీపాట్ ఎప్పుడో పగిలి ఉంటుంది. మిగిలినవి లెక్కపెట్టి ‘పూర్తి’ అంటున్నాడు.

పాతముద్ర
ఆయన ఒక మాట నిజం చెప్పాడు, ఒక మాట అబద్ధం చెప్పాడు. విచిత్రమేమిటంటే మీరిద్దరూ నిజాన్ని పట్టుకుని పోట్లాడుతున్నారు.

లెక్క వేయండి. ఆరు కప్పులు, ఆరు సాసర్లు, ఆరు పళ్ళేలు కలిపి 18. పెద్ద పళ్ళెం, జగ్గు, గిన్నె కలిపితే 21. ఇంగ్లండులో ఆరుగురి సెట్టు అమ్మింది ఈ లెక్కనే. పన్నెండుగురి సెట్టు 40 పీసులు: 36కు తోడు పెద్ద పళ్ళేలు రెండు, జగ్గు, గిన్నె. రెండింటిలోనూ టీపాట్ లేదు. కావలసినవారు విడిగా కొనుక్కునేవారు. చాలా ఇళ్ళలో వెండిదో, వెండి పూతదో ముందే ఉండేది. అంత స్తోమత లేని ఇంట్లో స్టాఫర్డ్‌షైర్ ఎర్రమట్టితో చేసిన గోధుమరంగు కూజా ఉండేది, దాన్నే ‘బ్రౌన్ బెట్టీ’ అంటారు. టీ వేడి నిలుస్తుందని దాన్ని ఇష్టపడేవారు.

ఇక విక్టోరియా సంగతి. ఆమె 1901లో పోయింది. ఈ కప్పులు చేసిన ఇంగ్లండు పింగాణీ కంపెనీని నడిపిన షెల్లీ కుటుంబం తన పేరును ముద్రలోకి తెచ్చింది 1910లో. అంతకుముందు ‘వైల్మన్’, ‘ఫోలీ’ పేర్లు ఉండేవి. ‘ఫైన్ బోన్ చైనా’ అన్న మాటలతో వచ్చే షెల్లీ ముద్ర రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక వచ్చినది. 1966లో కంపెనీ చేతులు మారి ఆ పేరుతో తయారీ ఆగిపోయింది. అంటే మీ సెట్టు 1945కూ 1966కూ మధ్య తయారైనది. ఆకారాన్ని చూసి మోసపోకండి. ఆ పూరేకుల అంచు కప్పును ‘డెయింటీ’ అంటారు, 1896లో మొదలుపెట్టి చివరిదాకా చేస్తూనే ఉన్నారు. కాబట్టి బేరం ఆడాల్సింది టీపాట్ మీద కాదు, వయసు మీద.

కోనసీమ కప్పు
బాగానే ఉంది. మరి మా పెద్దనాన్నగారు నౌకలో పనిచేసే రోజుల్లో తెచ్చిన నోరిటాకె సెట్టుకు టీపాట్ ఉందే! పెట్టె మీద ‘17 పీసులు’ అని అచ్చు వేసి ఉంది. జపాన్‌వాడికి ఉన్న బుద్ధి ఇంగ్లండువాడికి లేదా?

పాతముద్ర
నోరిటాకె ఆ రోజుల్లో పెద్ద ఎత్తున అమెరికాకు అమ్మేది. అక్కడి కొనుగోలుదారు టీపాట్, గిన్నె, జగ్గు ఒకే జట్టుగా అడిగేవాడు. ఆ 17లో మూతలనూ పీసులుగా లెక్కగట్టారు, చూసుకోండి: టీపాట్, దాని మూత, చక్కెర గిన్నె, దాని మూత, జగ్గు, ఆరు కప్పులు, ఆరు సాసర్లు. కప్పు పక్కన పళ్ళెం లేదు. ఇంగ్లండువాడి దృష్టిలో మీ సెట్టే వెలితి.

మీగడ టీ
మీ తగువు వింటుంటే నవ్వొస్తోంది. మనం పాలూ పొడీ చక్కెరా కలిపి గిన్నెలో కాచి, వడగట్టి నేరుగా కప్పుల్లో పోస్తాం. టీపాట్‌లో పోస్తే ముక్కు లోపలి చిల్లుల్లో మీగడ అడ్డుపడుతుంది. కడగడం ఎవరి తరం? మా అత్తగారింట్లో టీపాట్‌లో అగరువత్తులు పెట్టారు. అది లేకపోవడమే మేలు.

కోనసీమ కప్పు
ఆ లెక్కన పాల జగ్గూ చక్కెర గిన్నే కూడా వద్దు. అప్పుడు ఆయన 19 పీసుల ధరే తీసుకోవాలి! వాడుక వేరు, విలువ వేరు అండీ. అదే నమూనా టీపాట్ ఉన్న సెట్టు రేపు అమ్మితే లేనిదానికన్నా ఎక్కువ పలుకుతుందా, లేదా? పాతముద్ర గారు ఇది చెప్పాలి.

పాతముద్ర
పలుకుతుంది, ఒప్పుకుంటున్నాను. టీపాట్‌లు తక్కువ అమ్ముడయ్యాయి, ఎక్కువ పగిలాయి. అందుకే షెల్లీ టీపాట్ ఒక్కటే దొరికినా అమ్మేవాడు గట్టిగా అడుగుతాడు. కానీ అది ఉన్నందుకు కలిసే అదనం. లేనందుకు సగం తగ్గించమనడం మాత్రం న్యాయం కాదు.

వెన్నెల, డాలస్
ఇలాంటివి కొని ఇక్కడికి తెచ్చుకుందామనుకునేవారికి ఒక మాట. మన దేశంలో 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం పనితనం ఉన్న వస్తువు వందేళ్ళు దాటితే పురావస్తువు కిందికి రావచ్చు, దాన్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. అమ్మేవాడి మాట నమ్మి బిల్లు మీద ‘విక్టోరియా కాలం, 150 ఏళ్ళు’ అని మురిపెంగా రాయించుకున్నారనుకోండి, విమానాశ్రయంలో మీ బిల్లే మీ మీద సాక్ష్యం చెబుతుంది. సందేహం ఉంటే ఇది పురావస్తువు కాదని భారత పురావస్తు శాఖ నుంచి ధ్రువపత్రం తీసుకోవచ్చు. ఇంతకీ కోనసీమ కప్పు గారితోనే నేను ఏకీభవిస్తాను. బల్ల మీద టీపాట్ లేకపోతే కళ ఉండదు.

పింగాణీప్రియ
నాకు దేశం దాటే పని లేదు. అదే దుకాణంలో ‘ఈపీఎన్ఎస్’ అని చెక్కిన టీపాట్ కూడా ఉంది, వెండిదని చెబుతున్నాడు. దాన్ని ఈ సెట్టుకు జత చేస్తే వెలితి తీరుతుందా? ఇంకోటి, ఈ కప్పుల్లో రోజూ తాగవచ్చా?

పాతముద్ర
ఈపీఎన్ఎస్ అంటే నికెల్ మిశ్రమం మీద విద్యుత్తుతో ఎక్కించిన వెండి పూత. ఇంగ్లండు అసలు వెండి మీద నడిచే సింహం ముద్ర ఉంటుంది. వెండి ధర ఇవ్వకండి. జత మాత్రం చక్కగా కుదురుతుంది. ఆ రోజుల్లో ఎన్నో ఇళ్ళ బల్లల మీద కనిపించింది ఈ జతే.

కొనే ముందు ప్రతి కప్పునూ వేలిపై నిలిపి గోటితో మీటండి. ఖంగుమనాలి. బొంగురుగా మోగితే ఎక్కడో పగులు ఉంది. వెలుతురుకు ఎదురుగా పట్టి పిడి అతుకు చూడండి. అతికించి రంగు వేసిన చోటు అతినీలలోహిత దీపం కింద తరచుగా వేరే రంగులో బయటపడుతుంది. నోట్లను పరీక్షించే చిన్న దీపం చాలు. బంగారు అంచును వేలితో తడిమి ఎంత అరిగిందో చూడండి. నేనైతే అరిగిన అంచుకు ధర తగ్గించమంటాను, లేని టీపాట్‌కు కాదు.

తాగడం గురించి: పాత పింగాణీలో పై రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది. కప్పు లోపల పూలు దిద్ది, అవి చెరిగి ఉంటే బీరువాలోనే ఉంచండి. నిమ్మ టీ అసలు వద్దు, పులుపు సీసాన్ని లాగుతుంది. బంగారు అంచు ఉన్నవి మైక్రోవేవ్‌లో పెడితే నిప్పురవ్వలు లేస్తాయి. లోపల తెల్లగా, నునుపుగా ఉన్న కప్పులో పండుగనాడు టీ తాగితే తప్పేమీ లేదు. రోజూ అంటే నేను ఒప్పుకోను.

మీగడ టీ
పండుగనాడు ఆరు కప్పులు ఏ మూలకండీ? మా ఇంట్లో ఇరవైమంది దిగుతారు. స్టీలు గ్లాసులే దిక్కు.

పింగాణీప్రియ
ఇప్పుడే మళ్ళీ వెళ్ళి అడిగాను. ముద్ర చూపించి 1945 తర్వాతిదని చెబితే, ‘అయితే ఎలిజబెత్ రాణి కాలం అనుకోండి’ అన్నాడు, తడుముకోకుండా! మొత్తానికి నాలుగో వంతు తగ్గించాడు. వెండి పూత టీపాట్‌ను పక్కన పెట్టమన్నాను, దాని ధర రేపు తేల్చుకోవాలి.

కోనసీమ కప్పు
అంటే చివరికి టీపాట్ కొంటున్నారన్నమాట. నేను చెప్పింది అదే కదా.